ముగ్గురు చరిత్రకారులు, ఒక సుల్తాను: బర్స్‌బాయ్ కాలపు ఈజిప్టు (1422–1438)

'అష్రఫీ' అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. హైదరాబాదు సంస్థానంలో నిజాములు ముద్రించిన బంగారు నాణేన్ని అష్రఫీ అనేవారు. పాత కథల్లో నేల తవ్వితే బిందె నిండా అష్రఫీలు బయటపడుతుంటాయి. ఈ మాట తెలుగులోకి ఉర్దూ నుంచి, ఉర్దూలోకి పారసీ నుంచి వచ్చింది. అక్కడితో ఆగకుండా ఇంకొక మెట్టు వెనక్కి వెళ్తే, కైరో నగరపు టంకసాల దగ్గరికి చేరుకుంటాము. 1425లో అక్కడ ఒక కొత్త బంగారు దీనారు వెలువడింది. దాన్ని ముద్రించిన సుల్తాను బిరుదు అల్-మలిక్ అల్-అష్రఫ్, అంటే 'మిక్కిలి ఘనుడైన రాజు'. అష్రఫ్ ముద్రించినది గనుక ఆ దీనారు అష్రఫీ అయింది. నాణేల చరిత్రను పరిశీలించినవారిలో ఎక్కువమంది అభిప్రాయం ఇదే.

ఆ సుల్తాను పేరు బర్స్‌బాయ్. ఈజిప్టు, సిరియాలను ఏలిన మమ్లూకు సుల్తానులలో ఒకడు. 1422 ఏప్రిల్ నుంచి 1438 జూన్‌లో మరణించేదాకా పదహారేళ్లకు పైగా పాలించాడు. తెలుగుదేశంలో అది శ్రీనాథుడి కాలం. కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించి ఆ కవిసార్వభౌముడు కొత్త ఆశ్రయం వెతుక్కుంటున్న రోజుల్లో, కైరోలో బర్స్‌బాయ్ సింహాసనం మీద నిలదొక్కుకుంటున్నాడు.

ఇతడు ఎలాంటి రాజు? ఈ ప్రశ్నకు అతని కాలంలోనే, అతని నగరంలోనే జీవించిన ముగ్గురు చరిత్రకారులు మూడు రకాలుగా సమాధానమిచ్చారు. ఒకరి రాతలో అతడు పిసినారి, దురాశాపరుడు, దేశాన్ని పాడుచేసినవాడు. మరొకరి రాతలో పండితులను ఆదరించి, వారి నోట మంచి మాటలు వినగోరిన ప్రభువు. మూడవవారి రాతలో మంచీ చెడూ కలిసిన, మొత్తం మీద సమర్థుడైన పాలకుడు. ఈ భేదాన్ని పదవులతోను, పగలతోను వివరించడం పరిపాటి. ఆ వివరణ తప్పు కాదు. అయితే భాషాశాస్త్రం వైపు నుంచి చరిత్రలోకి వచ్చిన మాకు ఇంకొక ప్రశ్న ముఖ్యమనిపిస్తుంది. ఆ ముగ్గురిలో ఎవరు సుల్తానుతో ఏ భాషలో మాట్లాడగలిగారు? ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాషగా పెరిగిన మన విద్యార్థులకు ఈ ప్రశ్న విడమరచి చెప్పనవసరం లేదు.

బానిసలే ప్రభువులు

'మమ్లూక్' అంటే అరబీలో 'ఒకరి సొత్తు అయినవాడు', అనగా కొనబడిన బానిస. మన పాఠ్యపుస్తకాల్లోని ఢిల్లీ బానిస వంశం (1206–1290) అందరికీ తెలిసినదే. బానిస సైనికులు సింహాసనమెక్కడం అక్కడా జరిగింది. ఈజిప్టులో ఆ ఏర్పాటు 1250 నుంచి 1517 దాకా, రెండున్నర శతాబ్దాలకు మించి నిలిచింది.

ఏర్పాటు ఇలా ఉండేది. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల నుంచి, తర్వాతి కాలంలో కాకసస్ కొండల నుంచి, వర్తకులు పసివాళ్లను కొని తెచ్చేవారు. సుల్తానో, ఒక అమీరో వారిని కొని పెంచేవాడు. సుల్తాను పిల్లలు కైరో కోటలోని సైనిక వసతుల్లో పెరిగేవారు. మొదట అక్షరాలు, ఖురాను, ప్రార్థన. ఈడు వచ్చాక గుర్రపుస్వారీ, విల్లు, ఈటె. శిక్షణ ముగిశాక బానిసత్వం నుంచి విడుదల చేసి, గుర్రమూ ఆయుధాలూ ఇచ్చి సైన్యంలో చేర్చుకొనేవారు. కొన్న యజమానిని 'ఉస్తాద్' అనేవారు. మన హిందూస్తానీ సంగీత విద్వాంసుల పేర్ల ముందు వినిపించే ఉస్తాదు ఈ మాటే. ఒకే ఉస్తాదు దగ్గర పెరిగినవారిని 'ఖుష్దాష్'లు అనేవారు. తల్లిదండ్రులకు దూరమైన ఆ పిల్లలకు అన్నదమ్ములైనా బంధువులైనా వారే.

తండ్రి హోదా కొడుక్కి రాకపోవడం ఈ వ్యవస్థలో మరొక విశేషం. మమ్లూకు కొడుకు పుట్టుకతోనే స్వతంత్రుడు, పుట్టుకతోనే ముస్లిము. కాబట్టి అతడు మమ్లూకు కాలేడు. అలాంటివారిని 'అవ్లాద్ అల్-నాస్' అనేవారు. మన వాడుకలో చెప్పాలంటే 'పెద్దింటి పిల్లలు'. వారిలో పలువురు అధికారానికి ఎడంగా, అరబీ చదువుల్లో స్థిరపడ్డారు. బర్స్‌బాయ్ కాలం నాటికి సుల్తాను కొడుకు సింహాసనమెక్కినా అది నామమాత్రమే. బలమైన అమీరొకడు అదను చూసి అతన్ని దించి తానే సుల్తాను అయ్యేవాడు. కొత్త తరం ప్రభువులు మళ్లీ బానిసల సంతలోనుంచే రావాలి.

పేరు ఒక భాష, పుట్టుక ఒక భాష

బర్స్‌బాయ్ సర్కాసియను. కాకసస్ పర్వతాల వాయవ్య భాగం ఆ జాతివారి స్వస్థలం. వారి భాషకు తుర్కీతో గాని, అరబీతో గాని చుట్టరికం లేదు. హల్లుల సంఖ్య చాలా ఎక్కువగా ఉన్న భాషగా దాన్ని భాషాశాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. బాల్యంలో అతడు మాట్లాడిన భాష అది. అయితే అతని పేరు ఆ భాషది కాదు. 'బర్స్' అంటే తుర్కీలో చిరుత వంటి పులిజాతి మృగం. 'బాయ్' అంటే కలిగినవాడు, దొర. సర్కాసియను పిల్లవాడికి తుర్కీ పేరు ఎందుకు వచ్చింది?

మమ్లూకు రాజ్యాన్ని తొలి శతాబ్దంలో నడిపినవారు ఎక్కువగా కిప్చాకు తురుష్కులు. సైనిక వసతుల్లో, కొలువులో వారి తుర్కీయే మాటభాష. అరబీ మాత్రమే వచ్చినవారికి తుర్కీ నేర్పడానికి వ్యాకరణాలు, నిఘంటువులు పుట్టాయి. స్పెయిన్‌లోని గ్రనాడా నుంచి కైరోకు వచ్చి స్థిరపడిన అబూ హయ్యాన్ 1312లో తుర్కీకి అరబీలో రాసిన వ్యాకరణం వాటిలో ప్రసిద్ధమైనది. 1382లో బర్కూక్ సుల్తాను కావడంతో అధికారం సర్కాసియనుల చేతికి వచ్చింది. అయినా కొలువులో తుర్కీ స్థానం చెదరలేదు. కొత్తగా కొన్న సర్కాసియను పిల్లలకూ తుర్కీ పేర్లే పెట్టేవారు, తుర్కీయే నేర్పేవారు. తమ రాజ్యాన్ని వారు 'తురుష్కుల రాజ్యం' అనే చెప్పుకొన్నారు. మన శాసనాల్లో 'తురుష్క' శబ్దం ఒక జాతి పేరుగా మొదలై, ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిము పాలకులందరికీ వర్తించినట్లే, కైరోలో 'తుర్క్' అనేది పుట్టుకను కాక పాలకవర్గాన్ని తెలిపే మాట అయింది.

ఈ విధంగా కైరోలో మూడు భాషలు మూడు అంతస్తుల్లో ఉండేవి. న్యాయం, మతం, కచేరీ, బజారు అన్నీ అరబీలో నడిచేవి. కొలువూ సైన్యమూ తుర్కీలో. సర్కాసియను భాషకు లిపి లేదు. ఖుష్దాష్‌ల మధ్య మాటల్లోనే అది బతికింది, వారితోనే పోయింది. బర్స్‌బాయ్‌కి తుర్కీ ధారాళంగా వచ్చు. అరబీ అంతంతమాత్రం. తాను ఏలే ప్రజల్లో అత్యధికుల మాట అతడు మధ్యవర్తి లేకుండా పూర్తిగా గ్రహించలేడు.

ఖైదు నుంచి సింహాసనానికి

అతన్ని చిన్నతనంలో మలతియా పాలకుడు దుక్మాక్ కొని, సుల్తాను బర్కూక్‌కు కానుకగా పంపాడు. అందుకే అతని పేరు చివర 'దుక్మాకీ' అని చేర్చి రాస్తారు. తర్వాత మెల్లమెల్లగా పైకి వచ్చి, సిరియా తీరంలోని ట్రిపోలీకి పాలకుడయ్యాడు. సుల్తాను ముఅయ్యద్ షేక్‌కు ఆగ్రహం వచ్చి మర్ఖబ్ కోటలో ఖైదు చేయించాడు. 1421లో షేక్ చనిపోయాడు. అతని కొడుకు చేతిబిడ్డ. ఆ పిల్లవాడిని తోసి తతర్ అనే అమీరు సుల్తాను అయ్యాడు. కొన్ని నెలలకే అతడూ పోయాడు. తతర్ బర్స్‌బాయ్‌ని పెద్ద 'దవాదార్'గా నియమించి ఉన్నాడు. దవాదార్ అంటే సుల్తాను సిరాబుడ్డి పట్టేవాడు. తెలుగులో పాతకాలపు 'దవాతు', కన్నడంలో 'దౌతి', మరాఠీలో 'దౌత్' ఈ మాట బంధువులే. పేరుకు సిరాబుడ్డి గాని, బర్స్‌బాయ్ నాటికి అది రాజ్యంలోని అత్యున్నత పదవుల్లో ఒకటి. తతర్ కొడుకు బాలుడు. 1422 ఏప్రిల్‌లో బర్స్‌బాయ్ అతన్ని తప్పించి తానే సుల్తాను అయ్యాడు.

మిరియాలు, చక్కెర, బంగారం

బర్స్‌బాయ్ చేతికి వచ్చిన ఖజానా బలహీనమైనది. 1348 నాటి మహామారి తర్వాత ప్లేగు మళ్లీ మళ్లీ వచ్చి పల్లెలను ఖాళీ చేసింది. సాగు తగ్గింది, శిస్తు తగ్గింది. సైనికుల జీతాలు మాత్రం తగ్గించడానికి వీలులేదు. తగ్గిస్తే కోటలోనే తిరుగుబాటు. భూమి ఇవ్వని ధనాన్ని అతడు సముద్రం మీద వెతికాడు.

ఇక్కడ మన దేశానికి సంబంధముంది. మలబారు మిరియాలు అరేబియా సముద్రం దాటి ఏడెన్ రేవులో దిగేవి. అక్కడి నుంచి ఎర్రసముద్రం మీదుగా ఈజిప్టుకు, అలెగ్జాండ్రియాలో వెనిస్ వర్తకుల ఓడల్లోకి చేరేవి. ఏడెన్‌లో యెమన్ సుల్తానులు విధించే సుంకాలు, చేసే జబర్దస్తీ భరించలేక 1422లో కాలికట్ నుంచి వచ్చిన ఇబ్రహీం అనే ఓడయజమాని ఏడెన్‌లో ఆగకుండా ఎర్రసముద్రంలోకి ప్రవేశించి, మక్కాకు రేవుపట్టణమైన జిద్దా చేరాడు. బర్స్‌బాయ్ ఈ అవకాశాన్ని వదల్లేదు. జిద్దాకు తన అధికారులను పంపి, మక్కా షరీఫులను అదుపులో పెట్టి, ఓడలు నేరుగా అక్కడికి రావడానికి వీలు కల్పించాడు. 1426 నాటికి జిద్దాకు ఒకే ఏడు భారతదేశం, హోర్ముజ్‌ల నుంచి నలభైకి పైగా ఓడలు వచ్చాయి. 1432లో చైనా నుంచి జెంగ్ హె నౌకాదళానికి చెందిన రెండు పెద్ద ఓడలు ఏడెన్ చేరి, అక్కడ సరుకు అమ్ముడుపోక, జిద్దాకు రావడానికి అనుమతి కోరాయి. రానివ్వండి, మర్యాద చేయండి అని కైరో నుంచి జవాబు వెళ్లింది.

ఇంతవరకు చేసినది తెలివైన పనే. తర్వాత చేసినది వేరు. 1423లో చక్కెర తయారీ, అమ్మకం తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నాడు. 1420ల చివరికి మిరియాలూ అంతే. వర్తకులు ముందు సుల్తాను సరుకు అమ్ముడుపోయేదాకా ఆగాలి. అతడు చెప్పిన ధరకే వెనిస్ వారు కొనాలి. రెండు శతాబ్దాలకు పైగా ఎర్రసముద్రపు సుగంధద్రవ్యాల వర్తకాన్ని నడిపిన 'కారిమీ' వర్తకులు దీనితో చితికిపోయారు.

అష్రఫీ కూడా ఈ వ్యాపారపు బిడ్డే. అప్పటికి ఈజిప్టు బజారుల్లో పెద్ద బేరాలు వెనిస్ బంగారు డకట్‌లలో జరుగుతున్నాయి. డకట్ మీద క్రైస్తవ సాధువు ముందు మోకరిల్లిన వెనిస్ ప్రభువు బొమ్మ ఉండేది. ముస్లిము రాజ్యంలో ఆ నాణెం ఏలుబడి చేయడం సుల్తానుకు పరువుతక్కువ. 1425లో అతడు డకట్‌కు దగ్గరగా, సుమారు 3.4 గ్రాముల బరువుతో కొత్త దీనారు ముద్రించాడు. అతనికి ముందు ఇలాంటి ప్రయత్నాలు జరిగి విఫలమయ్యాయి. ఇది నిలిచింది. మమ్లూకు రాజ్యం పోయాక కూడా ఆ పేరు ఇరాన్‌కూ, మొగలుల ద్వారా మన దేశానికీ వచ్చింది.

యుద్ధాల్లో అతనికి పేరు తెచ్చినది సైప్రస్. ఆ ద్వీపం ఈజిప్టు తీరాల మీద పడే ఓడదొంగలకు ఆశ్రయం. 1424, 1425, 1426లలో వరుసగా మూడుసార్లు నౌకాదళాలను పంపాడు. 1426 జూలైలో సైప్రస్ రాజు జానస్ బందీ అయ్యాడు. కైరో వీధుల్లో అతన్ని ఊరేగించారు. రెండు లక్షల దీనార్ల విమోచన ధనం, ఏటా కప్పం అనే షరతుల మీద వదిలిపెట్టారు. 1433లో అక్ కొయున్లూ తుర్కుమానుల మీద ఆమిద్ కోటకు స్వయంగా నడిపిన దండయాత్ర మాత్రం ఫలితం లేకుండా ముగిసింది.

ముగ్గురు సాక్షులు

ఇక ఈ పాలనను చూసి రాసినవారి సంగతి.

మొదటివాడు మక్రీజీ (1364–1442). కైరోలో పుట్టి పెరిగినవాడు. ఆ నగరపు వీధి వీధికీ చరిత్ర రాసినవాడు. 1399లో బర్కూక్ అతన్ని కైరో 'ముహ్తసిబ్'గా నియమించాడు. తూనికలు, కొలతలు, ధరలు, బజారు నీతి చూసే అధికారి అతడు. అదే ఏడు ఆ పదవి అతని చేతి నుంచి ఇంకొకరికి పోయింది. ఆ ఇంకొకరే మన రెండవ సాక్షి. మక్రీజీ క్రమంగా కొలువుకు దూరమై రాతకే అంకితమయ్యాడు. అతని గ్రంథాల్లో ధరలు, నాణేల మారకం, కరువులు, అధికారుల దౌర్జన్యం అడుగడుగునా కనిపిస్తాయి. బర్స్‌బాయ్ మరణం దగ్గర అతడు రాసిన మాటల సారాంశం ఇది: అతని రోజులు ప్రశాంతంగానే గడిచాయి, కాని అతని పిసినారితనం, దురాశ వల్ల ఈజిప్టు, సిరియాలు పాడుబడ్డాయి.

రెండవవాడు ఐనీ (1361–1451). సిరియాకు ఉత్తరాన, నేటి టర్కీలో ఉన్న ఐంతాబ్ అతని ఊరు. అక్కడ పెరిగినందున అరబీతోపాటు తుర్కీ కూడా అతనికి సొంత భాషే. బర్స్‌బాయ్ కాలంలో అతడు హనఫీ ప్రధాన న్యాయమూర్తి. ముహ్తసిబ్ పదవి, ధర్మాదాయాల పర్యవేక్షణ కూడా కొంతకాలం అతని చేతిలోనే ఉన్నాయి. అతని చరిత్ర గ్రంథంలో బర్స్‌బాయ్ చాలా మెత్తగా కనిపిస్తాడు.

మూడవవాడు ఇబ్న్ తగ్రీబిర్దీ. 1411 ప్రాంతంలో పుట్టి 1470లో మరణించాడు. తండ్రి తగ్రీబిర్దీ మమ్లూకుగా వచ్చి సేనాధిపతి, దమాస్కస్ పాలకుడు అయినవాడు. కొడుకు అవ్లాద్ అల్-నాస్‌లో ఒకడు. తండ్రి తరం నుంచి తుర్కీ వచ్చింది, గురువుల నుంచి అరబీ వచ్చింది. ఆ గురువుల్లో మక్రీజీ, ఐనీ ఇద్దరూ ఉన్నారు. మక్రీజీ పాండిత్యాన్ని గౌరవిస్తూనే, తురుష్కుల పేర్లు, పద్ధతులు, కొలువు సంగతులు అతనికి సరిగా తెలియవని పలుచోట్ల దిద్దాడు. బర్స్‌బాయ్ పట్ల అతడు పక్షపాతం చూపాడని కూడా అన్నాడు.

రాత్రిపూట చదివిన చరిత్ర

ఐనీ రాత్రిళ్లు సుల్తాను దగ్గరికి వెళ్లేవాడు. అరబీ చరిత్ర గ్రంథాలు తెరిచి, పూర్వరాజుల సంగతులు చదువుతూ, అప్పటికప్పుడు తుర్కీలో చెప్పేవాడు. మతధర్మాలకు సంబంధించిన సందేహాలు కూడా ఆ కూర్చున్నచోటే తీర్చేవాడు. ఐనీ లేకపోతే మా ఇస్లాంలో ఏదో కొరత ఉండేదన్న అర్థం వచ్చేలా సుల్తాను అనేవాడని చెప్పుకొనేవారు.

ఈ ఘట్టాన్ని కొంచెం ఆగి చూడవలసి ఉంది. ఒక రాజ్యాన్ని ఏలేవాడు ఆ రాజ్యపు గతాన్ని ఒక మనిషి నోటి ద్వారానే తెలుసుకుంటున్నాడు. ఏ పుట చదవాలి, ఏది దాటవేయాలి, ఏ మాటకు ఏ మాట పెట్టాలి అన్నది ఆ మనిషి ఇష్టం. సుల్తానుకు అడ్డంగా ఒక మంచి ఉదాహరణ పెట్టగలడు, ఒక చేదు నిజాన్ని మింగేయగలడు. అతని చేతిలో కత్తి లేదు, సైన్యం లేదు. రెండు భాషలు ఉన్నాయి. అవే అతనికి మూడు పదవులు తెచ్చాయని మా ఊహ. ఆనాటి కైరోలో పండితులకు కొదవలేదు. తుర్కీలో కథ చెప్పగల పండితులే తక్కువ.

మక్రీజీకి ఆ తలుపు తెరుచుకోలేదు. కాబట్టి అతడు చూసిన బర్స్‌బాయ్ ఆజ్ఞల్లో కనిపించే బర్స్‌బాయ్. దండోరాలో వినిపించేవాడు, చక్కెర ధరలో తగిలేవాడు, మిరియాలు దాచుకున్న వర్తకుణ్ణి పట్టుకుపోయేవాడు. ఐనీ చూసినవాడు దీపం వెలుగులో కూర్చుని పాతరాజుల కథ విని ప్రశ్నలడిగేవాడు. ఇద్దరూ చూసింది ఒకే మనిషిని. ఒకరు వీధి భాషలో చూశారు, ఒకరు కొలువు భాషలో చూశారు.

ఇక్కడ ఒక తొందరపాటు తీర్మానానికి వచ్చే ప్రమాదం ఉంది. సుల్తాను భాష వచ్చినవాడు దగ్గరగా చూశాడు గనుక అతడు రాసిందే నిజమని. మేము అలా అనుకోము. దగ్గరితనానికి వెల ఉంటుంది. ఐనీ పదవులన్నీ సుల్తాను దయ మీద ఆధారపడినవి. కారిమీ వర్తకుల పతనాన్ని, ధరల భారాన్ని అతని గ్రంథంలో కంటే మక్రీజీ గ్రంథంలోనే మనం స్పష్టంగా తెలుసుకుంటాము. రెండు భాషలూ వచ్చిన ఇబ్న్ తగ్రీబిర్దీ తూకం సరిగా పట్టడానికి ప్రయత్నించాడు. అతని తూకంలో కూడా తండ్రి వర్గం పట్ల మమకారం ఒక పక్క మొగ్గుతూనే ఉంటుంది.

చివరి ఏడు

1430లో కైరోలో ప్లేగు విజృంభించింది. 1438లో మళ్లీ వచ్చింది. అప్పటికే సుల్తాను జబ్బుపడి ఉన్నాడు. ఈ ఉపద్రవానికి కారణమేమని పండితులను సమావేశపరిచి అడిగాడు. వ్యభిచారం ప్రబలితే ప్లేగు వస్తుందని, స్త్రీలు అలంకరించుకుని రాత్రింబవళ్లు వీధుల్లో తిరుగుతున్నారని జవాబు వచ్చింది. స్త్రీలు ఇల్లు కదలరాదని దండోరా వేశారు. కూలి చేసుకుంటేగాని పూటగడవని ఆడవాళ్లు, మగదిక్కులేని ఇళ్లు ఎంత అవస్థపడ్డాయో మక్రీజీ రాశాడు. అతని ద్వేషం ఎంతైనా ఉండనీ, ఆ ఇళ్లలో మాట్లాడే భాష అతనిది.

జబ్బు ముదిరిన కొద్దీ సుల్తాను స్థిమితం తప్పాడు. తనను నయం చేయలేదని ఇద్దరు వైద్యులను చంపించాడు. 1438 జూన్‌లో మరణించాడు. పదిహేనేళ్లయినా నిండని కొడుకు యూసుఫ్‌ను సింహాసనమెక్కించారు. మూడు నెలలకే జక్మక్ అనే అమీరు ఆ పిల్లవాణ్ణి దించి తాను సుల్తాను అయ్యాడు. పదహారేళ్ల కిందట తతర్ కొడుక్కి బర్స్‌బాయ్ చేసినదే బర్స్‌బాయ్ కొడుక్కీ జరిగింది.

వినిపించని నాలుగవ గొంతు

కైరోలో బర్స్‌బాయ్ కట్టించిన మద్రసా ఉంది. నగరం వెలుపలి శ్మశానభూమిలో అతని సమాధిమందిరం ఉంది. సైప్రస్ రాజు శిరస్త్రాణాన్ని మద్రసా గుమ్మానికి వేలాడదీశారట. సమాధిమందిరం గోడల్లో పాలరాతి మీద ధర్మాదాయపు వివరాలు చెక్కించారు. ఆ అక్షరాలన్నీ అరబీ. అతని పేరు తుర్కీ. మరి తల్లి అతన్ని ఏ పేరుతో పిలిచిందో ఎక్కడా లేదు. ముగ్గురు చరిత్రకారులు వేల పుటలు రాసిన సుల్తాను నోట అతని తల్లిభాషలో పలికిన వాక్యం ఒక్కటి కూడా మనకు మిగల్లేదు. ఇంత పెద్ద సింహాసనం దొరికినా ఆ భాషకు కైరోలో ఒక పుస్తకమైనా దక్కలేదు.

అయితే సర్కాసియను భాష చచ్చిపోలేదు. 1864 ప్రాంతంలో రష్యా సైన్యాలు తరిమితే చెదిరిపోయిన సర్కాసియనులు టర్కీ, సిరియా, జోర్డాన్‌లలో స్థిరపడ్డారు. పెద్ద పదవులు లేకపోయినా, ఊళ్లుగా, కుటుంబాలుగా వెళ్లారు గనుక, ఆ భాష అక్కడా కొంతమేర నిలిచింది. సుల్తానుల చేతిలో పోయిన భాష కాందిశీకుల ఇళ్లలో బతికింది. కైరోలో ఒంటరిగా వచ్చిన పిల్లవాడికి తన భాషలో లాలిపాట పాడేవారు లేరు. తేడా అక్కడుందని మా అభిప్రాయం.

ఐనీ వంటివారు మన చరిత్రలోనూ ఉన్నారు. కాలిన్ మెకంజీ దక్షిణదేశపు కైఫీయతులు సేకరించిన రోజుల్లో అతనికి దేశభాషలు చదివి చెప్పినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే తెలుగు సోదరులు. మెకంజీ చూసిన దక్షిణదేశం చాలామేరకు వారు చూపించిన దేశమే. చెన్నపట్నంలోను, యానాంలోను కంపెనీల కాలపు దుబాసీలు చేసిన పని కూడా ఇటువంటిదే. వారు చెప్పినదాన్ని విన్నవారి పేర్లు పుస్తకాలకెక్కాయి. చెప్పినవారిని గురించిన పరిశోధన ఇంకా సరిపడా జరగలేదు.

రెండు భాషల మధ్య పెరగడం కొందరికి కొరతగా అనిపిస్తుంది. అటూ పూర్తి కాదు, ఇటూ పూర్తి కాదు అనే బాధ మన విద్యార్థుల నోట మేము తరచు వింటూంటాము. బర్స్‌బాయ్ కొలువును చూస్తే ఆ స్థానంలో ఎంత బలముందో, ఎంత బాధ్యత ఉందో తెలుస్తుంది. ఐనీకి తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లాక చక్కెర ధర సంగతి సుల్తాను చెవిన వేశాడా లేదా అన్నది వేరే ప్రశ్న. రెండు భాషలు వచ్చినవాడిని చరిత్ర చివరికి అడిగే ప్రశ్న అదే. మన విద్యార్థులు తమ ఊళ్లలోని పాత దస్తావేజులు చదివేటప్పుడు, రాసినదేమిటని మాత్రమే కాక, ఇది ఎవరు ఏ భాషలో విని ఏ భాషలో రాశారని కూడా అడగాలని మా మనవి.